1931ని ఎందుకు దాటేశావమ్మా?

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

మన దేశంలో తొలి మహిళా హైకోర్టు జడ్జి అన్నా చాందీ గారి మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. భాష బాగుంది. కానీ ‘ఎన్నో అవరోధాలను అధిగమించి శాసనసభలో అడుగుపెట్టారు’ అన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. ఏమిటమ్మా ఆ అవరోధాలు?

1931లో ఆవిడ తిరువాన్కూరు (ఇప్పటి కేరళలో భాగం) సంస్థానపు శాసనసభకి, అంటే శ్రీమూలం ప్రజాసభకి, పోటీ చేసి ఓడిపోయారు. అప్పటికి పాతికేళ్ళు దాటిన క్రిమినల్ లాయరు. పెద్ద అధికారులతో సంబంధాలు అంటగట్టి పత్రికల్లో రాశారు, గోడల మీద రాశారు. ఆవిడ తను నడిపే ‘శ్రీమతి’ పత్రికలోనే దానికి జవాబిచ్చారు. మళ్ళీ నిలబడి గెలిచారు, 1932 నుంచి 1934 దాకా సభలో ఉన్నారు. ఇంత కథని ‘అవరోధాలు’ అని ఒక్క మాటతో దాటేశావు. 1937లో మున్సిఫ్ (కింది కోర్టు జడ్జి), 1948లో జిల్లా జడ్జి, 1959లో కేరళ హైకోర్టు జడ్జి అని తేదీలు మాత్రం ఒక్కటి పోకుండా ఇచ్చావు. అది సర్వీసు రిజిస్టరులా ఉంది తల్లీ, మనిషి ఎక్కడా కనపడలేదు.

తప్పు నీ ఒక్కదానిదే అనను. మార్చిలో మహిళా దినోత్సవం వస్తే తప్ప మన సంపాదకులకి ఆడవాళ్ళు గుర్తురారు. ‘ధీరవనిత’ అని హెడ్డింగు పెట్టి, ఓడిన రోజులన్నీ కోసేస్తారు. నేను మన జిల్లా లాయరమ్మ ఒకావిడ గురించి రాయాలని ఇక్కడి కోర్టు వరండాలో, గుమస్తాల పక్కన బెంచీ మీద ఎన్ని పూటలు కూర్చున్నానో. ఉద్యోగంలో సెలవులన్నీ దానికే పోయాయి, ఇంట్లో గొడవలయ్యాయి. వకాల్తా ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఆవిడని చూసి ‘లాయరు గారు లేరా అమ్మా?’ అని అడిగి వెనక్కి వెళ్ళిపోయేవారట. వ్యాసానికి ప్రాణం ఆ భాగమే. ‘స్ఫూర్తి తగ్గుతుంది’ అని సంపాదకుడు దాన్ని మొత్తం తీసేశాడు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

లాయరు జీవితం రాసేవాళ్ళు వాదన రాయాలి. ఎదుటివాడు ఏమన్నాడు, ఈవిడ ఏమని తిప్పికొట్టింది, అది కావాలి నాకు. ఆడవాళ్ళకి సర్కారు ఉద్యోగాలిస్తే సంసారాలు చెడతాయని టి.కె. వేలుపిళ్లై అనే పండితుడు ఒక బహిరంగ సభలో మాట్లాడితే, చాందీ గారు ఆయన అన్న ఒక్కొక్క మాటకీ లెక్కగా బదులు చెప్పారు. నువ్వు దానికి ఒక్క వాక్యం ఇచ్చి, ఫొటోలో చిరునవ్వుకి పేరా అంతా ఇచ్చావు! ఇప్పుడు అందరూ ఇలాగే రాస్తున్నారు. నువ్వు రాయకు.

ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం ఎంతసేపు? ఒకసారి కథానిలయానికి వెళ్ళు. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో ఆ కథల లైబ్రరీని పెట్టింది నీలాంటివాళ్ళ కోసమే. ఆ కాలపు పాత పత్రికలు దొరికినన్ని తిరగెయ్యి. చదువుకుని బయటికొచ్చిన ఆడపిల్ల గురించి మనవాళ్ళు అప్పుడు ఏం రాసేవారో చూస్తే, తిరువాన్కూరు గోడల మీద ఏం రాసి ఉంటారో నీకే తెలుస్తుంది.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఆ సంగతి ఇప్పుడు వద్దు. ఈసారి 1931 దగ్గర మొదలుపెట్టు. నిడివి గురించి టెన్షన్ పడకు, ఎన్ని పేజీలు పంపినా చదువుతాను.