వయసు మళ్లిన కుందేలు, ఒంట్లో కణితి: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముసలి కుందేళ్ల గురించే వచ్చాయి. ఇంట్లో పెంచుకునే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఆరేళ్లు దాటిందంటే వయసు మీద పడ్డట్టే. అందరూ అడిగింది కణితి గురించే అయినా జవాబులు మాత్రం మళ్లీ మళ్లీ పొట్ట దగ్గరికే వచ్చి ఆగుతాయి. చాలా కుందేళ్ల ప్రాణం కణితి వల్ల పోయే లోపే, నొప్పికి మేత మానేసి పేగులు ఆగిపోవడం వల్ల పోతుంది. ఆ పేగుల సంగతి చాలావరకు ఇంట్లోవాళ్ల చేతిలో ఉంటుంది.

మా ఆడ కుందేలుకు ఏడేళ్లు. రెండున్నర కిలోలు. గర్భసంచి ఆపరేషన్ ఎప్పుడూ చేయించలేదు. నెల నుంచి మూత్రం ఎర్రగా వస్తోంది. స్కానింగ్‌లో గర్భసంచిలో నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేద్దామంటున్నారు. ఈ వయసులో తట్టుకుంటుందా? – విజయవాడ పాఠకురాలు

ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. నాలుగేళ్లు దాటాక కొన్ని జాతుల్లో సగానికి పైగా కుందేళ్లకు రావచ్చు. ఇది మొదట గర్భసంచి గోడలోనే నెమ్మదిగా పెరుగుతుంది. ఊపిరితిత్తులకు పాకడానికి చాలాసార్లు ఏడాది, రెండేళ్లు పడుతుంది. పాకకముందే గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేస్తే జబ్బు పూర్తిగా పోయే అవకాశం బాగానే ఉంటుంది.

కాబట్టి ముందు తేలాల్సింది ఛాతీ సంగతి. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఒకటి సరిపోదు. కుడి పక్కన, ఎడమ పక్కన, వెల్లకిలా, మూడూ అడగండి. చిన్న మచ్చ ఒక్కోసారి ఒక పక్క నుంచి తీస్తేనే కనిపిస్తుంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే ఆపరేషన్ వైపే మొగ్గండి. అప్పటికే గుండ్రటి మచ్చలు కనిపిస్తే కోత వల్ల ఆయుష్షు పెద్దగా పెరగదు. రక్తం ఆగనంతగా పోతుంటే తప్ప కోత జోలికి వెళ్లకుండా నొప్పి తగ్గించే వైద్యమే మేలు.

మత్తు భయం ఊరికే పుట్టింది కాదు. బ్రిటన్‌లో 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో మత్తు వల్ల చనిపోయిన కుక్కలు 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లలో అది 0.73 శాతం. అప్పటికే జబ్బుపడిన కుందేళ్లలో 7.37 శాతం. చివరి రెండు అంకెల మధ్య దూరం చూడండి. బరువు తగ్గక, నీరసపడక ముందే చేయించడంలోనే సగం లాభం ఉంది. అందుకే ఇంకో నెల చూద్దాంలే అనుకోవడం మంచిది కాదు.

డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నెలకు ఎన్ని కుందేళ్లకు ఆపరేషన్ చేస్తారు? మత్తులో ఉన్నంతసేపూ ఒళ్లు చల్లబడకుండా ఏం వాడతారు? ముందు రోజు రాత్రి నుంచి మేత ఆపమంటే మాత్రం గట్టిగా ప్రశ్నించండి. కుక్కకు, పిల్లికి వాంతి భయం ఉంటుంది గనుక కడుపు ఖాళీగా ఉంచుతారు. కుందేలుకు వాంతి చేసుకోవడమే చేతకాదు. మేత ఆపితే పేగులు ఆగిపోతాయి. ఆపరేషన్‌కు గంట ముందు వరకు గడ్డి అందుబాటులో ఉండాలి. మత్తు దిగిన నాలుగైదు గంటల్లో మళ్లీ నోట్లోకి ఏదో ఒకటి వెళ్లాలి. తర్వాత కనీసం ఏడాది పాటు మూడు నెలలకొకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించండి.

ఇంకొక మాట, ఇలాంటి అనుమానమే ఉన్న మిగతావాళ్ల కోసం. ఎర్ర మూత్రం ప్రతిసారీ రక్తం కాదు. కొన్ని ఆకుల రంగు వల్ల కుందేలు మూత్రం ఇటుక రంగులోకి తిరుగుతుంది. తెల్ల బట్ట మీద చూడండి. ఆకు రంగైతే మడుగంతా ఒకే రంగుగా ఉంటుంది. రక్తమైతే లేత పసుపు మడుగులో ఎర్రటి చారలు, ఒక్కోసారి గోరంత గడ్డకట్టిన ముద్ద, అదీ ఎక్కువగా మూత్రం చివర్లో. అనుమానం తీరకపోతే ల్యాబుల్లో వాడే పది గళ్ల యూరిన్ స్ట్రిప్ ముంచితే రక్తం గడి రంగు మారుతుందో లేదో తెలిసిపోతుంది.

మా కుందేలుకు కణితి ఊపిరితిత్తుల్లోకి పాకిందని ఆపరేషన్ వద్దన్నారు. నిన్నటి నుంచి గడ్డి ముట్టడం లేదు. సిరంజితో పెట్టమన్నారు. ఏం పెట్టాలి, ఎంత, ఎలా? – వరంగల్ నుంచి

ముందు పొట్ట తడమండి. మెత్తగా, పిండి ముద్దలా ఉంటే పెట్టవచ్చు. డోలులా బిగుసుకుని ఉబ్బితే ఒక్క చుక్క కూడా పెట్టకండి. పేగుల్లో ఏదో అడ్డుపడి ఉండవచ్చు, పైనుంచి తోస్తే కడుపు పగిలే ప్రమాదం ఉంది. రాత్రయినా సరే అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఉబ్బు లేకపోయినా, కుందేలు పన్నెండు గంటలు మేత ముట్టలేదంటే అది అత్యవసరమే. మీరు నిన్నటి నుంచి అంటున్నారు గనుక పేగులు కదిలే మందు, నొప్పి మందు, చర్మం కింద సెలైన్ ఈ రోజే పడాలి. తిండి లేని కుందేలు ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, ఆ దశ దాటితే వెనక్కి తేవడం కష్టం.

ఇక తయారీ. కుందేళ్లకు చేతితో తినిపించడానికే తయారుచేసిన పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది చేతికొచ్చేలోగా గింజలు, రంగు ముక్కలు కలవని మామూలు గడ్డి పెల్లెట్లను (గడ్డిని నొక్కి చేసిన మేత గుళికలను) మిక్సీలో మెత్తగా పట్టండి. ఒక వంతు పొడికి రెండున్నర వంతుల గోరువెచ్చటి నీళ్లు పోసి పావుగంట నానబెట్టి, టీ వడపోతలో చెంచాతో నొక్కుతూ వడగట్టండి. ఈ వడపోతను చాలామంది వదిలేస్తారు. సిరంజి మూతి పూడుకుపోయి, గట్టిగా నొక్కేసరికి ముద్దంతా ఒక్కసారి గొంతులోకి దూకుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది అలాంటప్పుడే.

కిలో బరువుకు రోజుకు సుమారు 50 మి.లీ. లెక్క. మీ కుందేలు రెండున్నర కిలోలనుకుంటే 125 మి.లీ. అంటే 25 మి.లీ. చొప్పున ఐదుసార్లు, అందులో ఒకటి రాత్రి పడుకునే ముందు, ఒకటి తెల్లవారుజామున. మొదటి రోజు 10 మి.లీ.తో మొదలుపెట్టి పెంచండి.

కూర్చోబెట్టే తీరు ముఖ్యం. నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, కుందేలు వెనక భాగం మీ వైపు ఉండేలా ఒడిలో పెట్టుకుని తువ్వాలు చుట్టండి. నాలుగు కాళ్లూ నేలకో తొడకో ఆనాలి. వెల్లకిలా ఎప్పుడూ వేయకండి. ముందు పళ్లకు, దవడ పళ్లకు మధ్య ఖాళీ చోటు ఉంటుంది. పెదవి పక్కనుంచి 1 మి.లీ. సిరంజిని ఆ సందులోకి పెట్టి, నాలుక మీదుగా అవతలి బుగ్గ వైపు వాలేలా అర మి.లీ. వదలండి. దవడ కదుపుతూ నమలడం కనిపించాకే తర్వాతి అర మి.లీ. నమలడం ఆపితే మీరూ ఆగండి. పెద్ద సిరంజి తొందరగా పని అవుతుందనిపిస్తుంది గానీ ముసలి కుందేలుకు చిన్నదే క్షేమం.

తినిపించడంతో పని అయిపోదు. పక్కనే కొత్తిమీర కట్ట, పుదీనా, ముల్లంగి ఆకు, కడిగి ఆరబెట్టిన గరిక, మంచి ఎండుగడ్డి పెట్టి ఉంచండి. వాసనకు తనంతట తను ఒక రెమ్మ అందుకుందంటే అది సిరంజి 20 మి.లీ. కంటే విలువైనది. వరిగడ్డి మేతగా పనికిరాదు, పడకకే. నీళ్లు బాటిల్ గొట్టం కంటే బరువైన వెడల్పు గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది.

పెంటికలను రోజూ గమనించండి. శనగగింజంత, గుండ్రంగా, విరిస్తే లోపల పచ్చిక పీచు కనిపించాలి. చిన్నవై, నల్లబడి, గట్టిపడి, వెంట్రుకతో పూసల్లా గుచ్చుకుంటుంటే పేగులు మందగించాయని ఒకరోజు ముందే చెబుతున్నట్టు. వంటింటి తూకంలో వారానికి రెండుసార్లు బరువు తూచి రాసుకోండి. మొదటి బరువులో పదో వంతు తగ్గితే డాక్టరుకు చెప్పాలి.

ముసలి మగ కుందేలుకు కణితి నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చారు. డోసు కుక్కలకిచ్చే దానికంటే అయిదు రెట్లు ఉంది. పొరపాటా? – డాలస్ నుంచి

పొరపాటు కాకపోవచ్చు. కుందేలు శరీరం ఈ మందును కుక్క శరీరం కంటే వేగంగా వదిలించుకుంటుంది. కుక్కకు రోజువారీ కిలోకు 0.1 మి.గ్రా. వాడితే, కుందేలుకు 0.3 నుంచి 1 మి.గ్రా. దాకా డాక్టర్లు రాస్తారు. అసలు పొరపాటు జరిగేది సీసా దగ్గర. ఒకే మందు 0.5 మి.గ్రా./మి.లీ., 1.5 మి.గ్రా./మి.లీ. అని రెండు బలాల్లో వస్తుంది. 2 కిలోల కుందేలుకు 0.5 చొప్పున 1 మి.గ్రా. ఇవ్వాలంటే, మొదటి సీసాలోంచి 2 మి.లీ., రెండోదాంట్లోంచి సుమారు 0.67 మి.లీ. సీసా మారినా సిరంజి గీత మార్చకపోతే డోసు మూడు రెట్లవుతుంది, లేదా మూడో వంతుకు పడిపోతుంది. డోసును మి.లీ.లో కాక మి.గ్రా.లో రాయించుకోండి. మూత్రపిండాల మీద భారం ఉంటుంది గనుక మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష, మధ్యలో నీళ్లు తాగుతోందో లేదో చూసుకోవడం తప్పనిసరి. మనుషుల మాత్ర విరిచి వేయకండి. కొన్నిట్లో పారాసెటమాల్ కూడా కలిపి ఉంటుంది.

దవడ కింద ఉసిరికాయంత గడ్డ. కణితా, చీము గడ్డా? మందుల షాపులో అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. – నల్గొండ

సిరప్ ముందు పక్కన పెట్టండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి నోటి ద్వారా వెళ్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరుగుతాయి. విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఎన్ని డోసులు పడ్డాయో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

దవడ గడ్డ అయితే చీము గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ, దాని మూలం దవడ పళ్ల వేళ్లలో ఉంటుంది. కుందేలు చీము పల్చగా కారదు. టూత్‌పేస్టులా గట్టిగా ఉంటుంది, అందుకే గాటు పెట్టి పిండితే పోదు. సూదితో కొంచెం తీసి స్లైడు మీద చూస్తే, అది చీము గడ్డా, కణితా అన్నది చాలావరకు తేలుతుంది. తల ఎక్స్‌రే కూడా కావాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆస్పత్రులకు వెళ్లేవాళ్లు కుందేళ్లు చూసేవారు ఏ రోజు ఉంటారో ముందే ఫోనులో కనుక్కుని బయల్దేరండి. ప్రయాణంలో బుట్టలో గడ్డి ఉండాలి.

ఇక్కడ 43 డిగ్రీలు. కణితి ఉన్న కుందేలు కదలక, వెనక భాగం తడిసి వాసన వస్తోంది. ఈగలు వాలుతున్నాయి. – కర్నూలు

ఈగల సంగతి అన్నిటికంటే ముందు చూడండి. తడిసిన వెనక బొచ్చులో ఈగ గుడ్లు పెట్టిన రోజులోపే పురుగులు పుట్టి చర్మాన్ని తొలిచేస్తాయి. ఉదయం, సాయంత్రం తోక ఎత్తి, బొచ్చు విడదీసి చూడండి. గుడ్లు బియ్యపు నూకలా తెల్లగా, గుంపుగా అతుక్కుని ఉంటాయి. ఒక్క పురుగు కనిపించినా పట్టకారుతో తీసి ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లండి. ఈగలకూ గోమార్లకూ ఫిప్రోనిల్ ఉన్న కుక్కల స్ప్రే కొట్టకండి, కుందేలుకు అది విషం.

తడి ఎందుకంటే, నొప్పితో నడుం వంచలేక మూత్రం మీదే కూర్చుంటుంది, రాత్రి వేసి తిరిగి తినే మెత్తటి పెంటికలను నోటితో అందుకోలేక అవి అంటుకుంటాయి. ఒళ్లంతా స్నానం వద్దు. వెనక భాగం మాత్రం గోరువెచ్చటి నీళ్లతో తడిపి, అద్దినట్టు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కింద పాత టవలు, పైన ఫ్లీసు బట్ట పరిస్తే తడి కిందకు దిగుతుంది. రోజుకు రెండుసార్లు మార్చాలి.

28 డిగ్రీలు దాటితే చాలు, కుందేలుకు కష్టం, దానికి చెమట పట్టదు, వేడి పోయేది ఎక్కువగా చెవుల నుంచే. లీటరు బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి బట్ట చుట్టి పక్కన పెట్టండి, చెవులను తడి చేత్తో తుడవండి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం వేడి అని సరిపెట్టుకోకండి. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసే జంతువు. ఛాతీలో కణితి పాకినవాటిలో అది ఆఖరి హెచ్చరిక.

ఇక చాలని ఎప్పుడు అనుకోవాలి? దానికో జోడీ కూడా ఉంది. – విశాఖపట్నం

కుందేలు నొప్పిని అరచి చెప్పదు. కళ్లు సగం మూసుకుంటుంది, బుగ్గలు చప్పబడతాయి, చెవులు వెనక్కి బిగుసుకుంటాయి, పళ్లు గట్టిగా పటపట కొరుకుతుంది. నొప్పి మందులు పూర్తి డోసులో పడుతున్నా ఈ ముఖం రోజంతా అలాగే ఉంటే, మూడు రోజులుగా తనంతట తను ఏమీ తినకపోతే, విశ్రాంతిలో కూడా పక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే, ఒంటి వేడి 38 డిగ్రీల కిందికి జారిపోతుంటే, శాశ్వతంగా నిద్రపుచ్చడం గురించి డాక్టరుతో మాట్లాడాల్సిన సమయం వచ్చింది. అలా అడగడం ప్రేమ లేకపోవడం కాదు. ముందు కండలోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పూర్తిగా నిద్రపోయాకే చెవి నరంలో చివరి మందు ఇవ్వమని అడగండి. మెలకువగా ఉండగా నేరుగా గుండెలో పొడవడానికి ఒప్పుకోకండి.

జోడీ కుందేలును గదిలోంచి పంపేయకండి. శరీరాన్ని బట్ట మీద పడుకోబెట్టి గంట, రెండు గంటలు దానికి వదిలేయండి. మూతితో నెడుతుంది, నాకుతుంది, ఒక్కోసారి కాలితో తడుతుంది, తర్వాత తనే పక్కకు జరుగుతుంది. చూడనివ్వకపోతే రోజుల తరబడి గదంతా వెతుకుతూ మేత మానేస్తుంది. ఆ వారమంతా దాని పెంటికలు కూడా లెక్కపెట్టండి.