యాష్ చెట్టుకు పట్టిన పురుగు: కన్నంలో కిరోసిన్ పోయకండి

టెక్సాస్‌లోని ప్లేనోలో మీ ఇంటి ముందు నీడకు పెంచుకున్న యాష్ చెట్టు పైకొమ్మలు ఎండుతున్నాయని, బెరడు మీద చిన్న చిన్న కన్నాలు కనిపించాయని, వాటిలో కిరోసిన్ పోసి మూసేస్తే చాలా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. కొలంబస్ దగ్గర మా ఇంట్లో నేనూ సరిగ్గా అదే చేసి ఒక వేసవంతా వృథా చేసుకున్నాను. చెట్టు పోయింది.

మాది నూజివీడు వైపు. మామిడి చెట్టు మొదలు దగ్గర పొట్టు రాలితే మా నాన్న సైకిల్ చక్రం పుల్ల కొస వంచి, కన్నంలోకి పోనిచ్చి పురుగును బయటికి లాగేవారు. తర్వాత పెట్రోలులో ముంచిన దూది కూరి, పైన బంకమట్టి మెత్తేవారు. పురుగు ఆ కన్నం లోపలే ఉంటుంది కాబట్టి అక్కడ అది పనిచేస్తుంది. యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు సంగతి వేరు. బెరడు పగుళ్లలో గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు ఎవరికంటా పడకుండా లోపలికి దూరుతుంది. మీరు చూసిన కన్నం అది పెద్దదై ఎగిరిపోయిన దారి.

మా చెట్టు కొట్టించాక బెరడు పట్టుకుని లాగితే పెచ్చులుగా ఊడొచ్చింది. కింద చెక్క మీద పాము పాకినట్టు మెలికలు మెలికలుగా పురుగు తొలిచిన గాడులు, వాటి నిండా మెత్తటి పొడి. ఆకులు వండిన తిండి వేళ్లకు దిగేది బెరడు కిందుండే పలచటి పొరలోంచే. అది చుట్టూ తెగిపోతే చెట్టు పస్తులుండి చచ్చిపోతుంది. మా అమ్మాయి ఉయ్యాల కట్టుకున్నది ఆ చెట్టు కొమ్మకే. చాలా బాధపడ్డాను.

కన్నాలు సరిగ్గా చూడండి. ఒకవైపు సమంగా, మరోవైపు గుండ్రంగా, ఇంగ్లీషు 'డి' అక్షరంలా, 3 మిల్లీమీటర్ల వెడల్పుంటే అనుమానించాల్సిందే. పూర్తిగా గుండ్రంగా ఉంటే, నీరందక నీరసించిన చెట్లను పట్టే స్థానిక పురుగులు కావచ్చు. వడ్రంగి పిట్టలు పై బెరడు చెక్కేసి చెట్టు అక్కడక్కడ తెల్లబారినా, చెట్టు మొదలు దగ్గర చిగుళ్లు గుబురుగా వేసినా మంచి సూచన కాదు. ఈ పురుగు అమెరికాలో 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది. టెక్సాస్‌లో 2016లో హారిసన్ కౌంటీలో కనిపించి, 2018కల్లా మీకు దగ్గర్లోని ఫోర్ట్‌వర్త్ ఉన్న టారంట్ కౌంటీకి చేరింది. కాబట్టి మీ భయం ఉత్తది కాదు.

ఇప్పుడు తల ఎత్తి చూడండి. కొమ్మల్లో మూడోవంతు దాకా ఎండిపోయి ఉంటే మందు మీద డబ్బు పోయకండి. మందును పైకి మోసుకెళ్లే దారే అప్పటికి తెగిపోయి ఉంటుంది. అంతకంటే తక్కువైతే ఆశ ఉంది. మా పెరట్లో రెండో యాష్‌కు లైసెన్సున్న చెట్ల నిపుణుణ్ణి పిలిపించి, చెట్టు మొదలు దగ్గర చిన్న రంధ్రాలు చేయించి ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగుమందు ఎక్కించాం. ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక, నేల తడిగా ఉన్నప్పుడు చేస్తే మందు బాగా ఎక్కుతుంది. రెండేళ్లకోసారి మళ్లీ చేయించాలి, ఆపితే పురుగు తిరిగొస్తుంది. చిన్న చెట్టయితే మట్టిలో పోసే ఇమిడాక్లోప్రిడ్ అనే మందు ఉంది, అది ఏటా వేయాలి. మా రెండో చెట్టు ఈ రోజుకీ పచ్చగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మొదటిదానికీ ఒక్క ఏడాది ముందు ఇది చేయించి ఉంటే అనిపిస్తుంది.

చెట్టు దక్కదని తేలితే మాత్రం ఆలస్యం చేయకండి. చచ్చిన యాష్ త్వరగా పెళుసుబారి కొమ్మలు టపటపా విరిగిపడతాయి. అందుకే మనిషిని ఎక్కించలేమని మా దగ్గరికి క్రేన్ తెచ్చారు, ఖర్చు రెట్టింపైంది. కొట్టిన కట్టెలు క్యాంపింగ్‌కని కారులో వేసుకెళ్లకండి, స్నేహితులకూ ఇవ్వకండి. ఈ పురుగు ఊళ్లు దాటింది ఎక్కువగా అలాంటి కట్టెల్లోనే.