ఆ 84 మందిలో మన వాడవాళ్లు ఉన్నారా?

ప్రశ్న: భర్త భార్యను కొట్టడం సబబేనని తెలంగాణలో నూటికి 84 మంది స్త్రీలు ప్రభుత్వ సర్వేలో చెప్పారని చదివి చాలా బాధపడ్డాను. మా పొదుపు సంఘంలో ఎవరూ అలా అనగా నేను వినలేదు. మా వాడలో ఎవరినీ ఎవరూ అడగనూ లేదు. ఈ లెక్కలను ఎంతవరకు నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నకిరేకల్, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు చదివిన అంకె సరైనదే. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనిది. ఊళ్లనూ ఇళ్లనూ చీటీలు తీసినట్టు ఎంపిక చేసి, దేశమంతటా దాదాపు 6 లక్షల 37 వేల ఇళ్లలో 7 లక్షల 24 వేల మంది స్త్రీలతో మాట్లాడారు. కనుక మీ వాడ అందులో లేకపోవడం లోపం కాదు.

అయితే అడిగిన తీరు తెలియాలి. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, నడత మీద భర్తకు అనుమానం రావడం, అత్తమామలను గౌరవించకపోవడం అనే ఏడు సందర్భాలను విడివిడిగా చెప్పి, అప్పుడు కొట్టడం సబబేనా అని అడిగారు. ఏ ఒక్కదానికి అవునన్నా ఆమె ఆ 84 మందిలో చేరింది. మీ సంఘంలో కొట్టడం తప్పని గట్టిగా చెప్పే మనిషే, అత్తను తూలనాడిన కోడలి సంగతి వచ్చేసరికి మెత్తబడవచ్చు. దేశం మొత్తం మీద ఎక్కువ మంది స్త్రీలు ఒప్పుకున్న కారణమూ అదే. ఇంత చెప్పినా అంకె బరువు తగ్గదు. ఇవే ప్రశ్నలకు దేశవ్యాప్తంగా అవునన్న స్త్రీలు 45 శాతం, పురుషులు 44 శాతం. మనకూ దేశానికీ ఉన్న ఇంత ఎడాన్ని ప్రశ్న అడిగిన తీరు మీదికి నెట్టలేము.

ఇక్కడ మరో సర్వేను దీనితో పోల్చి చూడాలి. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో, ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అని అడిగి, లేదన్నవారిని ఎస్సీ వ్యక్తి వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఇబ్బందా అని మళ్లీ అడిగారు. మొదట లేదన్నవారిలో కొందరు రెండో ప్రశ్న దగ్గర బయటపడ్డారు, మొత్తం సుమారు 27 శాతం ఇళ్లు తేలాయి. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిని చూసిన పాలమూరు, నల్లగొండ పెద్దలకు ఆ లెక్క తక్కువగానే తోస్తుంది. అంటరానితనాన్ని ఒప్పుకోవడానికి జనం సిగ్గుపడుతున్నారు, అది చట్టరీత్యా నేరమనీ తెలుసు. భార్యను కొట్టడం దగ్గర ఆ సిగ్గు లేదు. కులం దాటిన పెళ్లి దగ్గరా లేదు: 2021లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ ప్రకటించిన, దాదాపు 30 వేల మందిని అడిగిన సర్వేలో, తమ స్త్రీలు వేరే కులం వారిని పెళ్లాడకుండా ఆపడం చాలా ముఖ్యమని 64 శాతం మంది ముఖపరిచయం లేని మనిషి ముందే చెప్పారు. ఏ మాటను దాచుకోనక్కరలేదని జనం అనుకుంటున్నారో చూపడమే ఈ సర్వేల అసలు ఉపయోగమని నా అభిప్రాయం. నన్ను భయపెట్టేదీ అదే.

లోటు ఒకటి ఉంది. సర్వేవాళ్లు వచ్చిన నాడు ఇంట్లో ఉన్నవారినే అడగగలరు. ముంబయి, పుణెల వైపు వలసపోయి ఇంటికి తాళం వేసిన పాలమూరు కుటుంబాల మాట అందులోకి అంత సులువుగా చేరదు.

వచ్చే సంఘం సమావేశంలో ఆ ఏడు సందర్భాలనూ మీరే ఒక్కొక్కటిగా చదివి వినిపించండి. తీర్పు చెప్పకుండా, ఎవరి పేరూ రాసుకోకుండా వినండి. ఏ సందర్భం దగ్గర గది నిశ్శబ్దమైందో, ఏ సందర్భం దగ్గర వెంటనే తలలు ఊగాయో మాకు రాయండి.