ఆ యాసిడ్ సీసా మూత తియ్యకు, తల్లీ

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మేడమీద రెండొందల కప్పుల్లో మిరప, టమాటా నారు పోశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంటికి ఒక్కరైనా మట్టి పట్టుకున్నారని నా ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. మొలకలు పసుపెక్కాయట, మట్టి పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 8.1 చూపిస్తోందట, నువ్వేమో దాన్ని దించడానికి యాసిడ్ సీసా తెచ్చి పెట్టుకున్నావట. ఆ సీసా సంగతి విన్న దగ్గర్నుంచీ నాకు కుదురు లేదు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా దాని జోలికి వెళ్లకు.

ముందు ఆకు చూడు. ఒక మొక్క చిగురాకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు ఎత్తు. ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం లేత పసుపుకు తిరిగి, పసుపు గుడ్డ మీద పచ్చదారంతో వల అల్లినట్టు కనిపిస్తే అది ఇనుము అందకపోవడమే. మట్టిలో ఇనుము ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అది కరగని రూపంలోకి వెళ్లిపోతుంది, అందుకే వేరు తాగలేదు. మాంగనీసు, జింకు, భాస్వరం పరిస్థితీ దాదాపు అంతే. ఆకు అడుగున ఊదారంగు తిరిగితే భాస్వరం మీద అనుమానపడు, కానీ చలి పడ్డా అలాగే తిరుగుతుంది. పసుపు కింది ఆకుల నుంచి మొదలై ఆకంతా సమానంగా పరుచుకుంటే అది నత్రజని లోటు. కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు వస్తే మెగ్నీషియం లోటు. ఈ రెండింటికీ పీహెచ్‌తో పోరాడి లాభం లేదు.

ఇంకొకటి. కప్పు చేతిలోకి తీసుకుని బరువు చూడు. ఎప్పుడూ నీళ్లతో బరువుగానే ఉంటే వేర్లకు గాలి ఆడదు. అప్పుడు పీహెచ్ బాగున్నా చిగురు పసుపెక్కుతుంది. నీకు నీళ్లు పోయడమంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. పొద్దున పోసిన కుండీకే సాయంత్రం మళ్లీ గ్లాసుతో పోసేదానివి. అందుకే ఇది ముందే చెబుతున్నాను.

కొలత విషయం. మట్టిలో గుచ్చే రెండు పుల్లల మీటరును నమ్మకు. ఒక వంతు మట్టి, రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఆగి, మధ్యలో రెండు మూడుసార్లు తిప్పి, పెన్ మీటరుతో చూడు. మీటరును 7, 4 బఫర్ ద్రావణాల్లో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో, సరిచేశాకే ఆ అంకెకు విలువ. నాలుగైదు కప్పులు విడివిడిగా కొలువు. నారుకు మట్టి మిశ్రమంలో 6.0 నుంచి 6.8, ఉత్త కొబ్బరిపొట్టులో 5.5 నుంచి 6.2 మధ్య ఉంటే చాలు. 8కీ 7కీ తేడా ఒక్కటే కదా అనుకోకు, అది పదింతల తేడా.

ఇప్పుడు నన్ను ఇన్నేళ్లుగా వదలని తప్పు. నువ్వు చెయ్యబోతున్నదీ అదే కాబట్టి తీరిగ్గా చదువు.

నేను పెంచిన నారు పసుపెక్కినప్పుడు మట్టి కొలిస్తే 8.2. యాసిడ్ కలిపిన నీళ్లు పోశాను. సాయంత్రానికి 6.3. మర్నాడు పొద్దున్నే మళ్లీ 8. చాల్లేదనుకుని మోతాదు పెంచాను. మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. మూడోరోజు ఇంకాస్త పెంచాను. నాలుగోరోజుకు ఆకు అంచులు ఎండి గోధుమరంగుకు తిరిగాయి, ఐదోరోజుకు మొక్కలు మెడలు వాల్చేశాయి. కప్పు తిరగేసి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేర్లు టీ డికాషన్ రంగులో మెత్తబడి ఉన్నాయి. నారు చచ్చింది 8.2 వల్ల కాదు, నా వైద్యం వల్ల.

ఎందుకలా అయిందో చెబుతాను. ఆ మట్టిలో సున్నం (కాల్షియం కార్బొనేట్) పొడిరూపంలో ఉంది. పోసిన యాసిడ్‌ను సున్నం తింటుంది. తిన్నంతసేపు పీహెచ్ దిగినట్టు కనిపిస్తుంది, యాసిడ్ అయిపోగానే మిగిలిన సున్నం అంకెను మళ్లీ పైకి లాగుతుంది. లెక్క చూడు. సున్నం 2 శాతం ఉన్న కిలో మట్టిలో 20 గ్రాముల సున్నం ఉన్నట్టు. అది మొత్తం పోవాలంటే సుమారు 28 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కావాలి, అదీ ఒక్క కిలో మట్టికి! అంత పోస్తే ఏ మొలకా బతకదు. పైగా యాసిడ్, సున్నం కలిసి మాయమైపోవు, లవణాలుగా మారి కప్పులోనే ఉంటాయి. ఆ ఉప్పదనం వేరులోని నీటిని బయటికి లాగుతుంది. ఆకు అంచులు ఎండింది అందుకే. పీహెచ్ దించేందుకని అమ్మే ద్రావణాల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండేవి చాలా ఉన్నాయి. అది మోతాదు మించితే ఇనుమును భాస్వరంతో కట్టిపడేసి, ఉన్న జబ్బును ఇంకా పెంచుతుంది. వీటన్నిటికీ తోడు, దించాలన్న తొందరలో రోజూ పోసిన నీళ్లతో వేర్లకు ఊపిరి ఆడలేదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, మట్టినే కొలుస్తూ కూర్చుని నేను పోసే నీళ్లను ఒక్కసారీ కొలవకపోవడం.

కాబట్టి ఇవాళే రెండు పరీక్షలు చెయ్యి. మొదటిది, ఎండిన మట్టి చెంచాడు తీసుకుని వెనిగర్ చుక్కలు వెయ్యి. చెవి దగ్గర పెట్టి విను. బుసబుసమని నురుగొస్తే సున్నం ఉన్నట్టే. అప్పుడు ఆ మట్టిని బాగుచేసే ఆలోచన మానుకుని కప్పు మట్టి మార్చెయ్. కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, బాగా చివికిన కంపోస్టు ఒక పాలు, పెర్లైటు (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు) ఒక పాలు. మొక్కను కాండం పట్టి లాగకు, ఆకు పట్టుకుని ఎత్తు. ఆకు పోతే మరోటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. మార్చాక మూడురోజులు నీడలో ఉంచు.

రెండోది నీళ్ల పరీక్ష. నీటి పీహెచ్ ఒక్కటీ చాలదు, అందులో కరిగి ఉన్న బైకార్బనేట్లు ఎన్నో తెలియాలి. వాటి మొత్తాన్నే ఆల్కలినిటీ అంటారు. చేపల అక్వేరియంకు వాడే కేహెచ్ చుక్కల కిట్‌తో తెలిసిపోతుంది, ఒక డిగ్రీ అంటే సున్నం లెక్కలో లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. నారుకు 60 నుంచి 100 మధ్య ఉంటే హాయి. నీ నీళ్లలో 300 ఉన్నాయనుకో. కప్పుకు రోజుకు 100 మిల్లీలీటర్లు పోస్తే నెలకు 3 లీటర్లు, అంటే ఆ చిన్న కప్పులోకి దాదాపు 0.9 గ్రాముల సున్నం నీ చేత్తో నువ్వే వేసినట్టు. అది ఆగకుండా మట్టిని ఏం చేసినా నిలవదు.

వాననీరు దొరికితే అంతకన్నా మంచిది లేదు. సగం వాననీరు, సగం మామూలు నీరు కలిపినా ఆల్కలినిటీ సుమారు సగానికి దిగుతుంది. దొరక్కపోతే నిమ్మ ఉప్పు వాడు. 10 లీటర్ల బకెట్లో ఒక గ్రాము వేసి కలిపి, పది నిమిషాలు ఆగి పీహెచ్ చూడు. బుడగలు పోయేకొద్దీ అంకె కాస్త పైకి జరుగుతుంది కాబట్టి ఆగకుండా ఇంకో గ్రాము వెయ్యకు. 6.0, 6.3 మధ్యకు రాగానే ఆపెయ్. 300 ఉన్న నీటికి 10 లీటర్లకు 4 గ్రాముల దగ్గర సరిపోతుంది. ఎంత పట్టిందో రాసిపెట్టుకో. నిమ్మ ఉప్పును మట్టిలోని సూక్ష్మజీవులు కొద్దిరోజుల్లో తినేస్తాయి, అప్పుడు దాని ప్రభావం చాలావరకు వెనక్కి పోతుంది. నారు దశ గట్టెక్కడానికి ఇది పనికొస్తుంది, ఏళ్ల తరబడి నడిపేది కాదు.

ఈలోగా పసుపెక్కిన మొక్కలకు ఇనుము అందించాలి. ఇనుమును కరిగిన రూపంలోనే పట్టి ఉంచే పదార్థాలు ఈడీటీఏ, డీటీపీఏ, ఈడీడీహెచ్ఏ. డబ్బా మీద ఈడీడీహెచ్ఏ అని ఉందో లేదో చూసి తీసుకో. ఈడీటీఏ ఇనుము పీహెచ్ 6.5 దాటితే నిలవదు, డీటీపీఏ 7 దాటాక నీరసపడుతుంది, ఈడీడీహెచ్ఏ మాత్రం 9 దాకా పట్టు వదలదు. 6 శాతం ఇనుము ఉన్నదైతే లీటరుకు 0.1 నుంచి 0.2 గ్రాములు చాలు. నీళ్లు ఎర్రటి రంగులోకి వస్తాయి, భయపడకు. మొక్క మొదలు దగ్గర పోసి, ఆకుల మీద పడితే కడిగెయ్. అది దొరకకపోతే లీటరుకు ఒక గ్రాము అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చెయ్యి, ముందు రెండు మొక్కల మీద చూసి, మిగతావాటికి మర్నాడు. కలిపిన నీళ్లు తుప్పురంగుకు తిరిగితే పారబోసి కొత్తగా కలుపు. పాత ఆకు పచ్చబడిందా అని చూడకు, అది పూర్తిగా తేరుకోకపోవచ్చు. వారం, పది రోజుల్లో వచ్చే కొత్త చిగురును చూడు.

గంధకం గురించి ఎవరో ఒకరు చెబుతారు. మంచిదే, కానీ దాన్ని ఆమ్లంగా మార్చేది బ్యాక్టీరియా. వెచ్చదనం, తేమ, గాలి ఉంటే దానికి వారాలు పడుతుంది, చలిలో నెలలు. సున్నం లేని మిశ్రమంలో, విత్తడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, లీటరు మిశ్రమానికి అర గ్రాము కలుపు, విత్తే ముందు మళ్లీ కొలువు. ఇప్పుడున్న మొలకలకు మాత్రం వద్దు. జిప్సం చౌడులోని సోడియాన్ని తొలగించడానికి, సున్నపు మట్టి పీహెచ్‌ను దించదు. పటిక వద్దు, అందులోని అల్యూమినియం వేర్లకు చేటు. యూరియా అసలే వద్దు, ఈ పీహెచ్‌లో అమ్మోనియా పుట్టి లేతవేర్లను మాడ్చేస్తుంది. బూడిద, కోళ్ల ఎరువు, కొత్త సిమెంటు తొట్టిలో నిలవ ఉంచిన నీరు, ఈ మూడూ పీహెచ్‌ను పైకి లాగేవే. నీ కప్పుల్లో గోడ పెచ్చులు కలిసిన మట్టి లేదు కదా?

ఇక ఆ సీసా. నిమ్మ ఉప్పుతో అయ్యే పనికి గాఢ యాసిడ్ ఎందుకమ్మా? ఎప్పుడైనా వాడక తప్పకపోతే, యాసిడ్‌ను నీళ్లలో పొయ్యాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. గాఢ యాసిడ్‌లో నీళ్లు పడితే వేడికి కుతకుతమని ముఖం మీదికి చిందుతుంది. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోకు. పాత బ్యాటరీల్లోంచి తీసినది అసలు ఇంట్లో ఉంచకు, అందులో సీసం ఉంటుంది. కోప్పడుతున్నాననుకోకు. రెండొందల మొక్కలూ పోతే మళ్లీ విత్తుకుందాం. నీ కళ్లు నాకు ముఖ్యం.

ఆదివారం నాకు మూడు అంకెలు పంపు: నీళ్ల ఆల్కలినిటీ, నిమ్మ ఉప్పు వేసి సరిచేసిన నీటి పీహెచ్, నాలుగు కప్పుల మట్టి పీహెచ్. వెనిగర్ వేస్తే నురుగొచ్చిందో లేదో కూడా రాయి. అన్నింటికీ ఒకేసారి మందు పొయ్యకుండా పది కప్పులు విడిగా పెట్టి వాటి మీదే ముందు చూడు. వాటి చిగురు ఫొటో ఎండలో కాదు, నీడలో తీసి పంపు, ఎండలో పసుపు సరిగా తెలియదు.

ఉంటాను తల్లీ,
పెదనాన్న