కాపర్-టీ గుండెల్లోకి పాకుతుందా? రెండుసార్లు వేయించుకున్న నా అనుభవం

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టెక్కలి దగ్గర ఊరు, ఏడు నెలల పాప, ఇంకా పాలిస్తున్నావు, పీరియడ్స్ మళ్లీ మొదలవలేదు. ఆయన హైదరాబాద్‌లో పని చేస్తూ రెండు నెలలకోసారి వస్తారు. మూడు నాలుగేళ్ల దాకా ఇంకో బిడ్డ వద్దనుకుంటున్నారు. ఊళ్లోకి వచ్చే ఏఎన్ఎం నర్సమ్మ, గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్-టీ వేయించుకోమంటోంది, అత్తగారేమో అది పైకి పాకి గుండెలకు పట్టేస్తుందంటున్నారు. మాది చీపురుపల్లి వైపు. నేను రెండుసార్లు వేయించుకున్నాను. మొదటిసారి మోసపోయినట్టనిపించింది, రెండోసారి ఐదేళ్లు నిశ్చింతగా ఉన్నాను.

2013లో బాబు పుట్టిన మర్నాడే ఆసుపత్రిలో వేసేశారు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. దారం ఉంటుందని గానీ, జారిపోవచ్చని గానీ ఒక్క మాట చెప్పలేదు. కాన్పయిన 48 గంటల్లోపు వేయడం తప్పు కాదు, మంచి పద్ధతే. కాకపోతే అప్పుడు గర్భసంచి పెద్దగా ఉండి మెల్లగా ముడుచుకుంటుంది కాబట్టి, జారిపోవడం మామూలుకంటే ఎక్కువ. నాకూ అదే జరిగింది, ఎప్పుడు పడిపోయిందో కూడా తెలియదు. మూడో నెలలో కడుపునొప్పికి స్కానింగ్ తీస్తే లోపల ఏమీ లేదన్నారు. అన్నాళ్లూ ఉందనే ధైర్యంతో ఉన్నాను! నా ఒంట్లో పెట్టినదాని గురించి నాకే చెప్పలేదన్న కోపం ఇప్పటికీ పోలేదు. అందుకే నీకింత పొడుగ్గా రాస్తున్నాను.

ఏడాది తర్వాత వేరే చోటికి వెళ్లాను. అక్కడి నర్సమ్మ ముందు కొత్తది చూపించింది. అగ్గిపుల్ల కంటే పొట్టిది, టీ ఆకారం, చుట్టూ సన్నని రాగి తీగ, కింద రెండు దారాలు. మా అత్త కూడా నాతో వచ్చింది, ఆమెకీ నీ అత్తగారి భయమే. పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని లూప్ అనే అంటారు. 1965లో మన దేశంలో మొదలైన లిప్పీస్ లూప్ మెలికలు తిరిగిన ప్లాస్టిక్‌ది, దానికి రాగి ఉండేది కాదు. వేశాక మళ్లీ పిలిచి చూసేవాళ్లు లేక, బ్లీడింగ్‌తో, నొప్పులతో ఎంతోమంది బాధపడ్డారు. ఆ భయమే కోడళ్ల దాకా వచ్చింది.

గుండెల్లోకి పోవడానికి దారి లేదు. గర్భసంచి నుంచి గుండెకు పోయే గొట్టమేదీ ఉండదు. అరుదుగా, వెయ్యి మందిలో ఒకరికి, వేసేటప్పుడు గర్భసంచి గోడకు చిల్లు పడి పొత్తికడుపులోకి వెళ్తుంది. పాలిచ్చే నెలల్లో ఆ ప్రమాదం కొంచెం ఎక్కువ. అప్పటికీ తక్కువే, కానీ చేయి తిరిగినవాళ్ల దగ్గరే వేయించుకో. నీది సిజేరియన్ అయితే ముందే చెప్పు.

ఇది కడుపు తీసేసే సాధనం కాదు. రాగి వల్ల వీర్యకణాలు కదల్లేక అండాన్ని చేరవు. వంద మందిలో ఏడాదికి ఒకరికన్నా తక్కువమందికే గర్భం వస్తుంది. పాలు తగ్గవు. ప్రభుత్వం ఉచితంగా వేసే 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. కార్డు మీద రకం, తేదీ రాయించుకో.

అసలు ఇబ్బంది బ్లీడింగ్‌తోనే. నాకు మొదటి నాలుగు నెలలు నెలసరి ఏడు రోజులు సాగింది, నడుము లాగేసింది, తర్వాత సర్దుకుంది. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గుతుంది. మనవైపు చాలామంది ఆడవాళ్లకు రక్తం తక్కువ కాబట్టి ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. బాగా తక్కువుంటే, ఇలాగే లోపల పెట్టే హార్మోన్ రకం గురించి డాక్టరుతో మాట్లాడు. అది బ్లీడింగ్‌ను తగ్గిస్తుంది, కానీ ప్రైవేటులో ఖర్చు ఎక్కువే.

ఇంకో మాట, దీన్ని ఆలస్యం చేయకు. పాలిస్తున్నాను, పీరియడ్ రాలేదు అన్న ధీమా బిడ్డకు ఆరు నెలలు నిండేదాకానే. అదీ పాలు తప్ప మరేమీ పెట్టనప్పుడే. నీ పాపకు ఏడు నెలలు. వేయించుకునేముందు గర్భం లేదని పరీక్ష చేస్తారు, అప్పటిదాకా ఆయన వచ్చినప్పుడు నిరోధ్ వాడండి. సుఖవ్యాధుల నుంచి కాపర్-టీ కాపాడదని కూడా గుర్తుంచుకో.

ఆయన ఎప్పుడో వస్తారు, దీనికోసం ఇంత అవసరమా అని అడిగావు. నా భర్త కూడా చెన్నైలో ఉండేవారు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవడం నావల్ల కాలేదు, ఆయన వచ్చే తేదీ ముందే తెలిసేదీ కాదు. ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదికి ఏడుగురు ఆ దారే పట్టారు, కానీ నీకింకా బిడ్డ కావాలి. నేను 2019లో తీయించుకున్నాను, దారం పట్టి లాగితే రెండు నిమిషాల పని. నాలుగు నెలల్లో నిలిచింది, పాప పుట్టింది.

వేసిన తర్వాత మొదటి నెలసరి అయ్యాక చూపించుకో. శుభ్రమైన వేలితో దారం ఉందో లేదో నెలనెలా చూసుకో. అది తగలకపోయినా, గట్టి ప్లాస్టిక్ తగిలినా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా, వాసనతో తెల్లబట్ట అయినా వెంటనే వెళ్లు. నెల తప్పితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు, గర్భం ట్యూబులో నిలిచిందేమో చూడాలి. దారం ఆయనకు గుచ్చుకుంటే కత్తిరిస్తారు, అడగడానికి సిగ్గుపడకు. వెళ్లేరోజు అత్తగారిని వెంటబెట్టుకెళ్లి, వేయకముందు ఆమె చేతిలో కూడా ఒకటి పెట్టి చూపించమని అడుగు.