ఫోటోల యాప్‌కు 70 వేలు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా అబ్బాయి బీకాం అయ్యాక రెండేళ్లుగా ఒక స్టూడియోలో పనిచేస్తున్నాడు. పెళ్లిళ్లకు, హాఫ్ శారీ ఫంక్షన్లకు వెళ్తాడు. ఫోటోలు బాగా తీస్తాడని అందరూ అంటారు. ఇప్పుడు సొంతంగా మొదలుపెడతానని, తన ఫోటోలన్నీ చూపించడానికి ఒక మొబైల్ యాప్ చేయించుకుంటానని పట్టుబట్టాడు. తెలిసిన కుర్రాడు 70 వేలు అడిగాడట. వచ్చే నెల నా చీటీ డబ్బు చేతికొస్తుంది. ఇవ్వమంటారా? అసలు ఈ లైన్‌లో వాడికి భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఉంది. తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తానికి లైట్ స్టాండ్లు మోసుకెళ్లి, అప్పగింతలయ్యేదాకా నిలబడి, ఇంటికొచ్చి నిద్రపోకుండా కెమెరా మెమరీ కార్డులు కాపీ చేసే పని రెండేళ్లు చేశాడంటే అది సరదా కాదు. అలాంటివాడిని ఏ బ్యాంకు పరీక్షల కోచింగ్‌కో పంపించకండి. కానీ చీటీ డబ్బు మాత్రం ఇప్పుడు యాప్‌కు ఇవ్వొద్దు.

పెళ్లివాళ్లు ఫోటోగ్రాఫర్‌ను ఎలా మాట్లాడుకుంటారో మీకు తెలియనిది కాదు. చుట్టాల పెళ్లిలో ఆల్బమ్ చూసి నంబర్ అడుగుతారు. ఫోన్ చేసి, "కొన్ని ఫోటోలు వాట్సాప్‌లో పెట్టు బాబూ" అంటారు. అప్పుడు ఒక లింక్ పంపితే అక్కడికక్కడే నొక్కి చూస్తారు. యాప్ వేసుకోమంటే ప్లే స్టోర్‌లోకి వెళ్లాలి, అది దిగేదాకా ఆగాలి. మేనమామ గారి ఫోన్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లతోనే స్టోరేజ్ నిండిపోయి ఉంటుంది. అదే పూటకు ఇంకో ఇద్దరు ఫోటోగ్రాఫర్ల ఫోటోలు కూడా వాళ్లకు వచ్చేస్తాయి. ఇరవై ఫోటోలు చూడటానికి ఎవరూ అంత శ్రమ పడరు.

ఖర్చు కూడా 70 వేలతో ఆగదు. ప్లే స్టోర్‌లో ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కడితే చాలు. అదే ఐఫోన్లలో కూడా కనిపించాలంటే యాపిల్‌కు ఏటా 99 డాలర్లు, అంటే దాదాపు తొమ్మిది వేలు కట్టాలి. వ్యక్తి పేరుతో కొత్తగా తీసిన ప్లే స్టోర్ ఖాతా అయితే, యాప్ బయటికి రాకముందు కనీసం 12 మంది వరుసగా 14 రోజులు దాన్ని పరీక్షించాలన్న నిబంధన ఉంది. పైగా ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు వచ్చే కొద్దీ యాప్‌ను అప్‌డేట్ చేస్తూ ఉండాలి, లేకపోతే కొత్త ఫోన్లవాళ్లకు స్టోర్‌లో కనబడకుండా పోతుంది. యాప్ చేసిచ్చిన కుర్రాడికి ఈలోగా బెంగళూరులో ఉద్యోగం వస్తే అప్పుడు ఎవరిని పట్టుకుంటాం? వెబ్‌సైట్‌నే తెచ్చి యాప్‌లా చుట్టి పెడితే యాపిల్ వాళ్లు తిప్పి పంపే అవకాశం కూడా ఉంది.

అసలు లోటు ఇంకో చోట ఉంది. ఆ మధ్య మీ అబ్బాయి లాంటి కుర్రాడే ఒకతను నా దగ్గరికొచ్చి ఫోన్‌లో తన ఫోటోలు చూపించాడు. 64 ఉన్నాయి. మొదటి పది జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, డ్రోన్ షాట్లు. బాగున్నాయి, కానీ ఏ స్టూడియోకి వెళ్లినా అవే ఉంటాయి. ఎక్కడో నలభై దాటాక ఒక ఫోటో వచ్చింది. పెళ్లికూతురు కారెక్కుతోంది. అందరూ కారు వైపే చూస్తున్నారు. వెనక పందిరి గుంజ పట్టుకుని నాయనమ్మ ఒక్కతే ఇటు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "ఇది నువ్వే తీశావా?" అంటే, "ఫోకస్ కొంచెం తప్పిందండీ, అందుకే వెనక పెట్టాను" అన్నాడు. ఆ కుర్రాడికి పని తెచ్చిపెట్టేది ఆ ఫోటోయే. ఏది ముందు పెట్టాలో తెలియనప్పుడు యాప్‌లో పెట్టినా గోడ మీద పెట్టినా లాభం లేదు.

అందుకే మీవాణ్ణి ముందు 20 ఫోటోలు ఏరమనండి. ఒకే పెళ్లివి నాలుగుకు మించొద్దు. పట్టుచీరల రంగు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఫోటో సేవ్ చేసేటప్పుడు రంగుల సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అడోబ్ ఆర్‌జీబీ అనే సెట్టింగ్‌లో సేవ్ చేసిన ఫోటో కొన్ని ఫోన్లలో వెలిసిపోయినట్టు కనబడుతుంది. ఎస్ఆర్‌జీబీ అనే సెట్టింగ్‌లోకి మార్చి, పొడవు వైపు 2048 పిక్సెళ్లకు తగ్గించి పెడితే రంగు నిలుస్తుంది, పేజీ కూడా త్వరగా తెరుచుకుంటుంది. బిహాన్స్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌కు ఇప్పటికే నెలనెలా కడుతుంటే, అదే ప్లాన్‌లో ఫోటోల వెబ్‌సైట్ చేసుకునే అడోబ్ పోర్ట్‌ఫోలియో కూడా వస్తుంది. సొంత పేరుతో ఒక డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా, ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూగా దొరుకుతుంది. దాన్ని మీ అబ్బాయి పేరు మీదే, అతని మెయిల్‌తోనే కొనాలి. స్నేహితుడి ఖాతాలో కొని తర్వాత తిప్పలు పడ్డవాళ్లను చూశాను.

ఇంకొక మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఈ రెండేళ్లూ తీసినవి స్టూడియో తరఫున తీసిన ఫోటోలు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. జీతానికి పనిచేస్తూ ఉద్యోగంలో భాగంగా తీసినవాటి విషయంలో యజమానికీ హక్కు వస్తుంది. కాబట్టి స్టూడియో ఓనర్‌ను అడగాలి, పెళ్లివాళ్లనూ అడగాలి. రెండు లైన్ల వాట్సాప్ మెసేజ్ అయినా సరే, రాతలో ఉండాలి. కొత్త ఇంటికెళ్లిన అమ్మాయి ఫోటో అడగకుండా అందరికీ చూపించడం చట్టం సంగతి అటుంచితే, మర్యాద కూడా కాదు. సొంతంగా మొదలుపెట్టాక, అడ్వాన్స్ తీసుకునే కాగితంలోనే ఈ అనుమతి రాయించుకోమనండి.

యాప్ ఎప్పటికీ వద్దనడం లేదు. పెళ్లయ్యాక మూడు వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, ఆల్బమ్‌కు ఎంపిక చేయడం ఇంట్లో ఎవరివల్లా కాదు, నెలల తరబడి ఫోటోగ్రాఫర్‌కు రావాల్సిన మిగతా డబ్బు ఆగిపోతుంది. అమ్మాయి హైదరాబాద్‌లో, అన్నయ్య డాలస్‌లో, అమ్మానాన్న ఊళ్లో ఉండి, ముగ్గురూ ఎవరి ఫోన్‌లో వాళ్లు టిక్ పెట్టుకోగలిగితే ఆ యాప్‌ను అందరూ వేసుకుంటారు, ఎందుకంటే అందులో వాళ్ల పెళ్లే ఉంది. ఇలాంటి పనికి నెలవారీ చందాతో దొరికే సేవలు ఇప్పటికే ఉన్నాయి. ఏడాదికి పది, పదిహేను ఈవెంట్లు సొంతంగా వచ్చినప్పుడు అవి వాడి చూసి, అప్పటికీ సరిపోకపోతే సొంత యాప్ సంగతి ఆలోచించవచ్చు.

చదువు మీద మనసుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ అనే డిగ్రీ ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్లు పీజీ స్థాయిలో ఫోటోగ్రఫీ డిజైన్ నేర్పుతారు. రెండేళ్ల అనుభవం ఉన్నవాడికి ఇది తప్పనిసరి కాదు.

చీటీ డబ్బులోంచి రెండు హార్డ్ డిస్క్‌లు కొనివ్వండి. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే చోట ఉండాలి. పెళ్లి ఫోటోలు ఒక్కసారి పోతే ఆ ఊళ్లో మళ్లీ పని దొరకదు. మిగతాది బ్యాంకులో వేయండి. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు, ఆ నెలంతా ఏరుడు పని పెట్టుకోమనండి. ఏరిన 20 ఫోటోల లింక్‌ను ముందు మీ చెల్లెలికో వదినకో పంపమనండి, ఏమీ చెప్పకుండా. వాళ్లు ఏ ఫోటో దగ్గర ఆగారో పక్కన కూర్చుని మీరే చూసి వాడికి చెప్పండి.