ఆ ఒక్క లైను మీది కాదు, మీ చెల్లెలిది

ఉత్తరం (కుదించి ఇస్తున్నాం):

"నాకు 61 ఏళ్లు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఉండేది కాకినాడలో. ఐదేళ్లుగా మా వంశవృక్షం తయారుచేస్తున్నాను. పాత ఇనాం భూముల రిజిస్టర్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. గయ వెళ్లి, యాత్రికుల వంశాలు రాసిపెట్టే పండాల పుస్తకాల్లో మా తాతగారి సంతకం పట్టుకున్నాను. ఏడు తరాలు, 640 పేర్లు. అంతా నెట్‌లో పెట్టి, పీడీఎఫ్ చేసి కిందటి దసరాకి బంధువుల వాట్సాప్ గ్రూపులో పంచాను. డల్లాస్‌లో ఉండే మా పెదనాన్నగారి మనవడు దాన్నంతా తీసుకెళ్లి మరో సైట్‌లో తన పేరుతో పెట్టుకున్నాడు. నా పేరు ఎక్కడా లేదు. అడిగితే 'మన తాతలేగా బాబాయ్' అంటాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇకమీదట నా పరిశోధన నా దగ్గరే ఉంచుకోవాలా, అందరికీ పంచాలా?

ఇంకో చిన్న విషయం. మా చెల్లెలికి 1994లో పెళ్లయింది, పదకొండు నెలలకే విడిపోయింది. 1998లో మళ్లీ చేశాం. రెండు పెళ్లిళ్లూ రాశాను. మొదటి పెళ్లి సంగతి దాని కూతురికి తెలియదట, నా పీడీఎఫ్ చూసి తెలుసుకుందట. ఆ లైను తీసెయ్యమని చెల్లెలు గొడవ. చరిత్రలో అబద్ధం ఎలా రాస్తాను? ఎనిమిది నెలలుగా మాటల్లేవు. కిందటి కార్తీకంలో భగినీ హస్త భోజనానికి కూడా పిలవలేదు. మా అబ్బాయి వివరాలు మాత్రం ఇంకా ఎక్కించలేదు. వాడు ఒకమ్మాయితో ఉంటున్నాడు, అది ఏదో ఒకటి తేలాక రాద్దామని."

జవాబు:

మీరు అడిగిన ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. ఆ డల్లాస్ అబ్బాయి మీ పేరు వేయాల్సింది. వేయకపోవడం మర్యాద కాదు. ఫోన్ చేసి, "సేకరించింది ఫలానా బాబాయ్ అని ఒక్క ముక్క రాయి నాన్నా" అని అడగండి. రాస్తే సంతోషం, రాయకపోతే వదిలేయండి. మీ తాతగారు అతనికి ముత్తాత. ఆయన పేరు మీద మీకెంత హక్కుందో అతనికీ అంతే ఉంది. దీనికోసం నిద్ర పాడుచేసుకోవద్దు.

మీ ఉత్తరం మూడు పేజీలు. అందులో రెండున్నర పేజీలు ఆ అబ్బాయి గురించే. చెల్లెలి గురించి ఏడు లైన్లు, అవీ "ఇంకో చిన్న విషయం" అని మొదలయ్యాయి. నేను ఆ ఏడు లైన్ల గురించే మాట్లాడతాను.

పాత వంశవృక్షాలు మీరు చాలా చూసుంటారు. వాటిలో ఆడపిల్లలు ఉండరు. "కుమారులు ముగ్గురు" అని రాసి కిందికి దిగిపోతారు. భూమి ఎవరికి చెందాలో తేల్చుకోవడానికి రాసుకున్న కాగితాల్లో కూతుళ్ల పేర్లతో వాళ్లకు పనిలేకపోయింది. మీరు అలా చేయలేదు. అత్తలను, అక్కచెల్లెళ్లను, కోడళ్ల పుట్టింటి పేర్లను కూడా వెతికి రాశారు. అందుకు మీకు నిజంగా నమస్కారం పెడతాను. కానీ ఏడు తరాల తర్వాత ఒక ఆడపిల్లకు ఆ చెట్టులో చోటు దొరికితే, ఆమె పేరు పక్కన మీరు రాసినవి రెండు పెళ్లి తేదీలు, ఒక విడాకుల సంవత్సరం. ఆమె ఏం చదివిందో, ఏం ఉద్యోగం చేసిందో, కూతుర్ని ఎలా పెంచుకుందో మీ మూడు పేజీల్లో ఎక్కడా లేదు. ఆమె పేరు కూడా రాయలేదు. "చెల్లెలు గొడవ" అన్నారు, అంతే.

1994ని ఒకసారి గుర్తు చేసుకోండి. మీకు అప్పుడు ముప్పై ఏళ్లు ఉంటాయి. ఆమె మీకంటే చిన్నది. పెళ్లయిన ఏడాది లోపే పుట్టింటికి వచ్చేసిన అమ్మాయిని ఆ రోజుల్లో ఎలా చూసేవారో నాకు తెలుసు, మీకింకా బాగా తెలుసు. పేరంటాలకు పిలుపులు తగ్గిపోతాయి. "ఏం జరిగిందమ్మా" అని అడిగేవాళ్లలో సగం మంది వీధిలోకి మోసుకెళ్లడానికే అడుగుతారు. అదంతా పంటిబిగువున భరించి, నాలుగేళ్లకు మళ్లీ ఒక ఇంటిని కట్టుకుంది. ఆ పదకొండు నెలల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు పూర్తిగా తెలుసా? చాలా ఇళ్లల్లో అన్నలకు తెలిసేది సగమే. మిగతా సగం తల్లికి చెప్పుకుంటారు, ఒక్కోసారి తల్లికి కూడా చెప్పుకోరు. సగం తెలిసిన సంగతిని చరిత్ర అని ఎలా అంటారు?

విడాకులు సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆమె నాకు ఉత్తరం రాసి ఉంటే, కూతురికి ఇరవై ఏళ్లు వచ్చినప్పుడే కూర్చోబెట్టి చెప్పేయమనేదాన్ని. కానీ రాసింది ఆమె కాదు, మీరు. ఆ సంగతి ఎప్పుడు చెప్పాలో, ఏ మాటలతో చెప్పాలో ఆ తల్లి ఇష్టం. ఎన్నేళ్లుగా మనసులో మాటలు కూర్చుకుంటూ ఉందో! ఈలోగా ఆ పిల్ల తన ఫోన్‌లో, మేనమామ పంపిన పీడీఎఫ్‌లో, పేర్ల మధ్య ఆ లైను చదువుకుంది. అది ఏ గదిలో కూర్చుని చదువుకుందో, చదివాక తల్లి మొహం ఎలా చూసిందో ఒక్కసారి ఊహించుకోండి. మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు ఆ పిల్లే గుర్తొస్తోంది.

ఇంకొకాయన కూడా ఉన్నారు. ఆ మొదటి భర్త. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటారు, పిల్లలు ఉండి ఉంటారు. ఆయన పేరు, ఇంటిపేరు మీ చెట్టులో పెట్టే ముందు ఆ ఇంట్లో ఎవరినైనా అడిగారా?

"చరిత్రలో అబద్ధం ఎలా రాస్తాను" అన్నారు. రాయకపోవడం అబద్ధం కాదండీ. ఆ తేడా మీకు తెలుసు. తెలుసు కాబట్టే మీ అబ్బాయి సంగతి "తేలాక రాద్దాం" అని పక్కన పెట్టారు. తండ్రిగా అది సరైన పని. వాడి జీవితం వాడు చెప్పేదాకా ఆగారు. అదే ఆగడం తోడబుట్టినదాని విషయంలో ఎందుకు చేయలేకపోయారు? కొడుకుది జీవితం, చెల్లెలిది రికార్డు ఎలా అయింది?

రికార్డుల మనిషి కాబట్టి రికార్డుల మాటే చెబుతాను. జనాభా లెక్కల్లో ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలను ఇంకొకరు చూడ్డానికి వీల్లేదని మన 1948 జనగణన చట్టం చెబుతుంది. అమెరికాలో ఆ కాగితాలు 72 ఏళ్లు మూసి ఉంచుతారు, 1950 నాటివి 2022లో గానీ తెరవలేదు. ఇంగ్లండులో వందేళ్లు ఆగి, 1921 నాటి లెక్కలు అదే 2022లో బయటపెట్టారు. ఆ కాగితాల్లో ఉన్న మనుషుల గుట్టు కాపాడాలని ప్రభుత్వాలే అన్నేళ్లు ఆగాయి. చాలా వంశవృక్షం సైట్లు కూడా బతికి ఉన్నవాళ్ల వివరాలు బయటివాళ్లకు కనబడకుండా వాటంతట అవే దాచేస్తాయి. అంటే ఆ సైటు దాచగలిగినదాన్ని మీ పీడీఎఫ్ బయటపెట్టింది.

పైగా మీరు బ్యాంకులో చేశారు. తల్లి పుట్టింటి పేరు, పుట్టిన తేదీ అడిగి ఖాతాదారుణ్ణి గుర్తుపట్టే పద్ధతి మీకు కొత్త కాదు. 640 మందిలో బతికి ఉన్న అందరివీ ఆ రెండూ ఒకే ఫైల్లో పెట్టి గ్రూపులో వదిలారు. 2023లో అమెరికాలో ట్వంటీత్రీ అండ్ మీ అనే డీఎన్ఏ పరీక్షల కంపెనీలో ఏం జరిగిందో మీ డల్లాస్ అబ్బాయిని అడగండి. దొంగలు చొరబడింది దాదాపు 14 వేల ఖాతాల్లోకి. కానీ ఆ ఖాతాలతో బంధుత్వం కలిపి ఉన్నందుకు దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. ఒక ఇంటి తలుపు తీసి ఉంటే బంధువులందరి ఇళ్లూ తెరిచినట్టే అయింది.

చట్టం ఒప్పుకుంటుందా అని మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు మీతో అంటారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు చేసుకునే పనిని పట్టించుకోదు. నెట్‌లో అందరి ముందూ పెట్టినది ఇంటి అవసరమేనా అని లాయర్లు వాదించుకోవచ్చు. చెల్లెలితో ఆ వాదన దాకా వెళ్లే అన్న మీరు కాకూడదని నా కోరిక.

ఇప్పుడు చేయాల్సినవి. ఈ జవాబు చదవగానే సైట్‌లో ఆ లైను తీసేయండి. ఆమెను అడగకుండా, "తీసేశాను చూడు" అని మెసేజ్ పెట్టకుండా తీసేయండి. గ్రూపులో ఆ పీడీఎఫ్ అందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. "బతికి ఉన్నవాళ్ల వివరాలు అడగకుండా పెట్టాను, పొరపాటు నాది, దయచేసి ఆ ఫైలు తీసేయండి" అని రాయండి. ఎవరి వివరాలో చెప్పకండి. చెబితే చూడనివాళ్లు కూడా వెతుక్కుని చూస్తారు.

తర్వాత డల్లాస్‌కి ఫోన్ చేయండి. ఈసారి మీ పేరు వేయమని అడగడానికి కాదు. ఆ లైను అతని దగ్గర కూడా ఉంది. "మీ అత్త కోసం తీసెయ్ రా" అని మీరే అడగాలి. మీకు కోపం తెప్పించినవాడిని బతిమాలడం కష్టమే. కానీ ఆ కాపీ అక్కడ ఉన్నంతకాలం ఇక్కడ తీసేసి లాభం లేదు. మీ పేరు సంగతి ఆ రోజు ఎత్తకండి.

ఆ తర్వాత చెల్లెలి ఇంటికి వెళ్లండి. ఒక్కరే వెళ్లండి. లాప్‌టాప్ వద్దు, ప్రింట్లు వద్దు. "తప్పు నాదమ్మా" అనండి. ఆ మాట తర్వాత "కానీ" రాకూడదు. "ఎప్పటికైనా తెలిసేదేగా", "దాచింది నువ్వేగా" అనే మాటలు నోటిదాకా వస్తాయి, మింగేయండి. ఆమె అరిస్తే వినండి. ఏడిస్తే ఓదార్చే తొందరలో మాట మార్చకండి. అమ్మానాన్నలు పోయాక ఆడపిల్లకు పుట్టిల్లంటే అన్నే. ఆ పుట్టింటి మీద నమ్మకంతోనే ఆమె 1995లో తిరిగి వచ్చింది. ఆ నమ్మకం మీద ఇప్పుడు దెబ్బ తగిలింది. ఒక్క రాకతో మానదు, రెండు మూడుసార్లు వెళ్లాల్సి రావచ్చు.

మేనకోడలితో ఎక్కువ మాట్లాడొద్దు. "మీ అమ్మ నీకు చెప్పాల్సింది నేను చెప్పేశాను, అది నా తప్పు" అంటే చాలు. అప్పట్లో ఏం జరిగిందో ఆ పిల్ల మిమ్మల్ని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. "మీ అమ్మని అడుగు" అనండి. ఇంకా ఏమీ చెప్పకండి. రేపు ఆ పిల్ల పెళ్లిలో గంపలో మోసుకొచ్చే మేనమామ మీరే. సంబంధాలు చూసేటప్పుడు అవతలివాళ్లు ఈ పాత సంగతి ఎత్తితే, అది పెళ్లికూతురి తల్లి సొంత విషయమని మొహం మీద చెప్పగలిగినవాళ్లూ మీరే.

మిగతా పని మానకండి. పోయినవాళ్ల సంగతులు, ముఖ్యంగా వందేళ్ల కిందటివి, ధారాళంగా పంచండి. తాటాకులు చెదలు తినేస్తాయి, దస్తావేజులు గోదావరి వరదల్లో తడిసిపోతాయి, మీరు చూసిన ఇనాం రిజిస్టర్ రేపు ఉంటుందో ఉండదో తెలియదు. 1860లో మొదలై 1911 దాకా మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలికి వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడి రిజిస్టర్లలో వాళ్ల పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, తాలూకా రాసి ఉంటాయి. వాళ్ల మునిమనవలు ఇప్పుడు ఆ ఊరి పేరు పట్టుకుని ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని వెతుకుతున్నారు. మీ జాబితాలో ఒక పాత పేరు అలాంటి ఒక కుటుంబానికి దారి చూపించవచ్చు. అది ప్రైవేటుగా దాచుకోవాల్సింది కాదు. బతికి ఉన్నవాళ్లకు మాత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "నీ గురించి ఏం రాయమంటావు" అని అడగండి. వాళ్లు చెప్పింది రాయండి, వద్దన్నది ఇంట్లో నోటుబుక్కులో కూడా రాయకండి.

కార్తీకం దాకా, ఆమె పిలుపు దాకా ఆగకండి. శ్రావణం దగ్గరికొచ్చింది. చీర, పసుపు కుంకుమ మీరే పట్టుకెళ్లండి. సర్దుకున్న కొన్నాళ్లకు, ఆమె ఇష్టంగా ఉన్న రోజు చూసి, "నీ పేరు పక్కన ఏం రాయను?" అని అడగండి. ఆమె ఉద్యోగం పేరు చెబుతుందో, కూతురి పేరు చెబుతుందో, ఏమీ వద్దంటుందో. ఏం చెబితే అదే రాయండి.